పచ్చ సిరా సంతకం, అను ఫాంటు, మున్సిపల్ వెబ్‌సైటు

నెల్లూరు కానీ, ఒంగోలు కానీ, కావలి కానీ, మీ ఊరి మున్సిపల్ సైటు తెరిచి ఒక తెలుగు పీడీఎఫ్ దించుకోండి. పన్ను నోటీసో, టెండరో, లబ్ధిదారుల జాబితానో, ఏదైనా సరే. అందులో ఒక వరుస మౌస్‌తో ఎంచి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు తెలుగుగా పడితే సంతోషం. వరుస అసలు ఎంపికే కాకపోతే అది స్కాను, అంటే కాగితానికి తీసిన ఫొటో. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు కలిసిన కిచిడీ పడితే అది అను ఫాంటులో కొట్టిన మాట. తెలుగే పడినా వత్తులొకచోట, గుడులొకచోట చెదిరిపోయి ఉంటే, టైపు సరిగ్గానే చేసి పీడీఎఫ్ చేసేటప్పుడు చెడగొట్టారన్నమాట.

చూపు లేని మనిషి ఫోనులోని స్క్రీన్ రీడర్, అంటే తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఆ ఫైలును చదివేటప్పుడు మీ కంటికి కనబడేది దానికి కనబడదు. మీరు నోట్‌ప్యాడ్‌లో చూశారే, అదే దానికి దొరికేది. స్కానైతే "గ్రాఫిక్" అని ఒక్కమాట అని ఊరుకుంటుంది. అను ఫాంటైతే ఆ కిచిడీని ఇంగ్లీషు గొంతుతో అక్షరం అక్షరం వల్లిస్తుంది. మనకు అచ్చుగుద్దినట్టున్న నోటీసు అవతలి మనిషికి గోల.

వికలాంగులకు వెబ్‌సైటు అందుబాటులో ఉండాలి అనగానే ఆఫీసుల్లో చూపులన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీ వైపు తిరుగుతాయి. "సైటు పైనుంచి వచ్చింది సార్, మన చేతిలో ఏం లేదు" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. నేను ఒప్పుకోను. చట్రం ఎక్కడ తయారైనా, అందులో నోటీసు పెట్టేది, ఫొటో ఎక్కించేది, పీడీఎఫ్ తగిలించేది ఇక్కడి మనుషులే. అడ్డంకుల్లో పెద్దవి పుట్టేది ఆ అప్‌లోడ్ చేసే బల్ల దగ్గరే. కంపెనీతో తేల్చుకోవాల్సినవీ ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు బల్ల సంగతి.

అను ఫాంట్లు యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే పద్ధతి, మన కంప్యూటర్లలోకి రాకముందు అలవాటైనవి. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టి, తెర మీద తెలుగులా కనిపించేట్టు చేసే ఏర్పాటు అది. కాగితం మీద అచ్చేయడానికి బ్రహ్మాండం, అందులో అనుమానం లేదు. కానీ ఫైలు లోపల ఉన్నది ఇంగ్లీషే. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల సొంత గడి ఉంది. అక్కడ కూర్చున్న అక్షరాన్నే ఫోను, సెర్చ్, అనువాదం అన్నీ తెలుగని గుర్తుపడతాయి. అందుకే అను ఫాంటు నోటీసు గూగుల్ వెతుకులాటలోనూ దొరకదు. చూపున్నవాళ్లకూ నష్టమే, తెలియదంతే.

మరి మారరెందుకు? వేళ్ల అలవాటు. ఇరవై ఏళ్లుగా అను ఫాంట్ల ఆపిల్ కీబోర్డు లేఅవుట్‌లో కొట్టిన టైపిస్టును యూనికోడ్ కోసం ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే లేఅవుట్ నేర్చుకోమంటే ఆయన వేగం సగానికి పడిపోతుంది, సాయంత్రానికి ఫైళ్లు పేరుకుపోతాయి. ఆయన మొండితనమని తిట్టి లాభం లేదు. అదే లేఅవుట్‌తో యూనికోడ్ కొట్టే పనిముట్లు ఉన్నాయి, అవి పెట్టించాలి. పాత ఫైళ్లకు అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే వాటిని గుడ్డిగా నమ్మి ఎక్కించేయకూడదు. ఏ వెర్షన్ అను ఫాంటో తప్పుగా ఎంచుకుంటే కొన్ని అక్షరాలు ఒకదానికొకటి మారిపోతాయి. సంయుక్తాక్షరాల దగ్గర, అంకెల దగ్గర, బ్రాకెట్ల దగ్గర తప్పులు దొర్లుతాయి. పేర్లు, డోర్ నంబర్లు, రూపాయల మొత్తాలు ఈ మూడూ మనిషి కూర్చుని అసలుతో పోల్చి చూడాల్సిందే.

ఇక స్కాన్లు. ఇది ఇంకా విచిత్రం. నోటీసును కంప్యూటర్‌లోనే టైపు చేస్తారు. ప్రింటు తీస్తారు. దాని మీద అధికారి పచ్చ సిరాతో సంతకం పెడతారు. గుండ్రటి సీలు పడుతుంది. దాన్ని మళ్లీ స్కాన్ చేసి సైటులో పెడతారు. చక్కటి అక్షరం బొమ్మగా మారిపోయింది, అసలు ఫైలు మాత్రం అదే గదిలో అదే కంప్యూటర్‌లో పడి ఉంది. కారణం అడిగితే సంతకం ఉంటేనే నమ్ముతారంటారు. సరే, సంతకం ఉండనివ్వండి. నోటీసు మొత్తాన్ని సైటు పేజీలో మామూలు అక్షరాలుగా పెట్టి, కింద "సంతకం చేసిన ప్రతి, పీడీఎఫ్, 2 పేజీలు" అని స్కాన్‌కు లింకివ్వండి. సంతకం పరువూ దక్కుతుంది, చదవగలిగే హక్కూ దక్కుతుంది. అయ్యే పని ఒక కాపీ, ఒక పేస్టు.

ఓసీఆర్‌తో స్కాన్‌లోంచి తెలుగు లాగేద్దాం అనేవాళ్లూ ఉంటారు. టెస్సరాక్ట్ లాంటి ఉచిత పనిముట్లకు తెలుగు వచ్చు. కానీ సీలు అక్షరాల మీద పడినచోట, కాగితం వంకరగా పెట్టినచోట, పట్టికల గీతల మధ్య అది తడబడుతుంది. డోర్ నంబరులో ఒక అంకె మారితే పన్ను నోటీసు పక్కింటిదైపోతుంది. అసలు ఫైలు పోయిన పాత రికార్డులకు ఓసీఆర్ వాడండి. నిన్న టైపు చేసిన దానికి ఎందుకు?

పీడీఎఫ్ తప్పనిసరైతే వర్డ్‌లో రెండు జాగ్రత్తలున్నాయి. శీర్షికను అక్షరాలు పెంచి బోల్డ్ చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ పెట్టాలి. తర్వాత ప్రింట్ మెనూలోకి వెళ్లి పీడీఎఫ్ ప్రింటర్‌ను ఎంచకుండా "సేవ్ యాజ్" లోంచి పీడీఎఫ్ చేయాలి, ఆప్షన్లలో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ అన్న గడిలో టిక్కు ఉండాలి. ప్రింటర్ దారిలో వెళితే ఏది శీర్షిక, ఏది పట్టిక అన్న సమాచారమంతా రాలిపోతుంది. ఇంత చేసినా తెలుగు పీడీఎఫ్‌ను పూర్తిగా నమ్మలేం. మన లిపిలో ఒక అక్షరం పైనొక ముక్క, కిందొక ముక్క, పక్కనొక ముక్క. పీడీఎఫ్ ఆ ముక్కల బొమ్మలను దాచుకుంటుంది. వాటిని తిరిగి అక్షరాలుగా కూర్చే దారి ఫైలులో సరిగ్గా లేకపోతే మొదట చెప్పిన వత్తుల చెదురుబాటు అదే. నోట్‌ప్యాడ్ పరీక్ష చేయకుండా ఒక్క పీడీఎఫ్ కూడా సైటెక్కకూడదని ఆఫీసులో నియమం పెడితే, నా లెక్కలో ఆ ఏడాదికి అదే అతిపెద్ద సంస్కరణ.

పోస్టర్ల జబ్బు ఇంతకంటే ప్రమాదం. సోమశిల నుంచి నీళ్లు వదిలారు, పెన్నాకు వరద వస్తోంది. 2021 నవంబరు మనకు గుర్తే. అలాంటి రాత్రి హెచ్చరికను రంగురంగుల జేపీజీ బొమ్మగా చేసి, పైన నాయకుల ఫొటోలు, కింద ఒక ఫోన్ నంబరు పెట్టి సైటులోనూ వాట్సాప్‌లోనూ వదిలితే, చూపు లేని మనిషి ఫోను చెప్పేది "ఇమేజ్". అంతే. చెవులు వినపడని మనిషికి బొమ్మ కనబడుతుంది, కానీ సాయానికి ఇచ్చింది ఫోన్ నంబరొక్కటే, మాట్లాడేదెలా? అదే హెచ్చరిక అక్షరాల్లో ఇలా ఉండొచ్చు:

"పెన్నా వరద: లోతట్టు డివిజన్లవారు ఈ రాత్రి 8 గంటల్లోపు సహాయ కేంద్రాలకు చేరండి. ఖాళీ చేయాల్సిన వీధులు ఇవి. దగ్గరి కేంద్రం ఈ పాఠశాల, కింది అంతస్తు, ర్యాంపు ఉంది. నడవలేనివారికి వాహనం కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి, లేదా మెసేజ్ పెట్టండి."

ముందు విషయం, తర్వాత ఎవరికి, తర్వాత ఎక్కడికి, ఎలా. ర్యాంపు ఉందో లేదో చెప్పడం, మెసేజ్ దారి ఇవ్వడం అదనపు సౌకర్యాలు కావు. ఆ రెండూ లేకపోతే ఆ హెచ్చరిక కొందరికి వర్తించనట్టే. పోస్టరూ కావాలంటే పెట్టుకోండి, ఈ అక్షరాల కింద.

బొమ్మలో ఏముందో స్క్రీన్ రీడర్‌కు చెప్పడానికి కోడ్‌లో రాసే ఆల్ట్ మాటల్లోనూ ఇదే తర్కం. రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర పార్కింగ్, ఘాట్లు, వైద్య శిబిరాల మ్యాపు వేస్తే, దానికి "మ్యాపు" అని ఆల్ట్ రాసి చేతులు దులుపుకోకూడదు. ఏ వైపు నుంచి వచ్చే బస్సులు ఎక్కడ ఆగుతాయి, అక్కడి నుంచి స్వర్ణాల చెరువు ఘాట్‌కు ఎటు నడవాలి అన్నది నాలుగు వాక్యాల్లో మ్యాపు కిందే రాయాలి. అలంకారానికి పెట్టిన పూల అంచులకు, గీతలకు ఆల్ట్‌ను ఖాళీగా వదలాలి. ఖాళీగా వదలడం వేరు, అసలు రాయకపోవడం వేరు. రాయకపోతే స్క్రీన్ రీడర్ ఒక్కోసారి ఫైలు పేరునే చదువుతుంది: "ఐఎంజీ, అండర్‌స్కోర్, రెండు వేల ఇరవై నాలుగు..." అంటూ.

ఇప్పుడు కంపెనీ పని. ఆస్తి పన్ను పేజీ ఒక్కటి తీసుకుంటే చాలు, దాదాపు అన్ని తప్పులూ అక్కడే పోగవుతాయి. ఏడాది పన్నంతా ఏప్రిల్ నెలాఖరులోపు కడితే 5 శాతం రాయితీ కాబట్టి ఆ నెలలో జనమంతా ఆ పేజీ మీదే పడతారు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ విండోస్‌లో వేసుకుని, మౌస్ తీసి పక్కన పెట్టి, ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్లండి. గడి పక్కన "అసెస్‌మెంట్ నంబర్" అని తెర మీద రాసి ఉంటుంది, కానీ ఆ మాటకూ గడికీ కోడ్‌లో లంకె వేయకపోతే వినిపించేది "ఎడిట్, బ్లాంక్". పక్క గడి కూడా "ఎడిట్, బ్లాంక్". ఏ గడిలో పేరు, ఏ గడిలో నంబరు? ప్రతి గడికీ ఒక లేబుల్, లేబుల్‌లో ఆ గడి గుర్తు: ఇంతే మందు. గడి లోపల లేత బూడిద రంగులో కనిపించి టైపు మొదలవగానే మాయమయ్యే మాటను లేబుల్ అనుకోవద్దు.

డివిజన్ ఎంచుకునే డ్రాప్‌డౌన్ ఇంకో ఉచ్చు. నెల్లూరు కార్పొరేషన్‌లో 54 డివిజన్లు. ఎంచగానే పేజీ దానంతటదే మళ్లీ లోడయ్యేట్టు రాస్తే, మౌస్ ఉన్నవాడికి అది వేగం. కీబోర్డు మీద ఆధారపడినవాడు కింది బాణం ఒక్కసారి నొక్కగానే ఒకటో డివిజన్ ఎంపికై పేజీ లోడవుతుంది. మళ్లీ వస్తాడు, మళ్లీ అంతే. 37వ డివిజన్ మనిషి తన డివిజన్‌కు ఎప్పటికి చేరాలి? ఎంపిక పక్కన "చూపించు" అని ఒక బటన్ పెడితే గొడవ తీరిపోతుంది.

తర్వాత క్యాప్చా. వంకర టింకర అక్షరాల బొమ్మ చూపు లేనివారికి గోడ, చూపు మందగించిన పెద్దవాళ్లకు కూడా గోడే. పక్కన స్పీకర్ గుర్తు పెట్టి హోరులో ఇంగ్లీషు అక్షరాలు చదివిస్తే తీరే బాధ కాదది. ఫోనుకు ఓటీపీ పంపుతున్నప్పుడు క్యాప్చా దేనికి? ఒకే చోటి నుంచి అదేపనిగా వచ్చే అభ్యర్థనలను సర్వరే ఆపగలదు. ఓటీపీ గడిలోనూ కాపీ పేస్టును అడ్డుకోకూడదు. గడువు ముగియబోతుంటే ముందుగా చెప్పి, ఒక్క మీట నొక్కి పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లివ్వాలని డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ అందుబాటు ప్రమాణం చెబుతుంది. స్క్రీన్ రీడర్‌తో మెసేజ్‌లోకి వెళ్లి, అంకెలు విని, తిరిగి వచ్చి కొట్టేసరికి మనకు పట్టే సమయం చాలదు.

తప్పు దొర్లినప్పుడు గడి అంచు ఎర్రబడితే చాలదు, ఎరుపు కనపడని కళ్లున్నాయి. "అసెస్‌మెంట్ నంబరులో ఒక అంకె తగ్గింది" అని అక్షరాల్లో చెప్పి, కర్సర్‌ను ఆ గడిలో నిలపాలి.

తెలుగు సైటులో ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. మొదటిది, పేజీ భాష తెలుగని కోడ్‌లో ప్రకటించడం. హెచ్‌టీఎంఎల్ మొదటి ట్యాగ్‌లో ల్యాంగ్ విలువ తెలుగు అని ఉండకుండా ఇంగ్లీషని ఉండిపోతే, స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతే పట్టుకుంటుంది. చాలా ఇంగ్లీషు గొంతులు తెలుగు అక్షరాల దగ్గర మూగబోతాయి. మధ్యలో ఇంగ్లీషు పేరా ఉంటే ఆ పేరాకు మాత్రం ఇంగ్లీషని గుర్తు పెట్టాలి. ఒక్క మాట మార్పు, పేజీ మొత్తానికి నోరొస్తుంది.

రెండోది వరుసల ఎడం. ఇంగ్లీషు కోసం చేసిన చట్రంలో వరుస ఎత్తు అక్షరం సైజుకు 1.2 రెట్లే ఉంటే మన వత్తులు తెగుతాయి. ఎత్తు బిగించిన బటన్ మీద "చెల్లించండి" అని రాస్తే కింది ల వత్తు కోసుకుపోయి "చెలించండి" అవుతుంది. "దరఖాస్తు" కాస్తా "దరఖాసు". నవ్వొస్తుంది కానీ, అక్షరాలను రెండింతలు చేసుకుని చదివే మనిషికి పేజీ అంతా ఇదే తంతు. వరుస ఎత్తు 1.6కు తగ్గకుండా, బటన్ల ఎత్తు బిగించకుండా వదలాలి. అక్షరం సైజు కూడా ఇంగ్లీషుకు 16 పిక్సెళ్లు పెట్టినచోట తెలుగుకు 18 పెట్టండి. ఫోనులో రెండు వేళ్లతో పెద్దది చేసుకోవడాన్ని అడ్డుకునే వరుసేదైనా కోడ్‌లో ఉంటే తీసేయండి.

రంగుల్లో మనవాళ్లకు కాషాయం మీద తెల్ల అక్షరాలంటే మోజు. మామూలు సైజు అక్షరానికి, దాని వెనక రంగుకు మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలి. జెండా కాషాయం మీద తెలుపుకు వచ్చేది సుమారు 2.1. అదే కాషాయం మీద నలుపు పెడితే తొమ్మిది దాటుతుంది. పైన పరుగెత్తే స్క్రోలింగ్ వార్తల పట్టీ సంగతి చెప్పక్కర్లేదు. ఐదు సెకన్లు మించి కదిలేదేదైనా ఆపుకునే వీలుండాలన్నది నియమం. అక్షరాలను నాలుగింతలు చేసి చూసేవారికి ఆ పట్టీలో ఎప్పుడూ తోకే కనబడుతుంది. నన్నడిగితే తీసేయడమే మేలు.

వికలాంగులంటే చూపు లేనివారే అని సైటు చేసేవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవాళ్లను గుర్తుచేసుకోండి. చూపు బాగానే ఉంటుంది, వేలు కదపడం కష్టం. ఫోను తెర మీద దగ్గరదగ్గరగా పేర్చిన చిన్న లింకుల్లో ఒకటి నొక్కబోతే ఇంకోటి తెరుచుకుంటుంది. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలని డబ్ల్యూసీఏజీ 2.2 అంటుంది. 44 పెడితే ఎవరికీ నష్టం లేదు. అలాంటివారికి మెనూలోని నలభై లింకులను ట్యాబ్‌తో దాటడం శిక్ష, అందుకే పేజీ మొదట్లోనే "ముఖ్య విషయానికి వెళ్లు" అన్న లింకు ఉండాలి. ట్యాబ్ ఎక్కడుందో చూపే గీతను అందం కోసం డిజైనర్లు తీసేస్తుంటారు. కర్సర్ లేకుండా టైపు చేయమన్నట్టుంటుంది.

ఇవన్నీ చేయకుండా మూలన వీల్‌చైర్ గుర్తుతో ఒక బటన్ తగిలిస్తే అన్నీ సరైపోతాయని అమ్మేవాళ్లున్నారు. అక్షరాలు పెంచడం, రంగులు తిప్పడం బ్రౌజర్‌లోనే ఉంది. కంట్రోల్, ప్లస్ కలిపి నొక్కితే చాలు. స్కాన్ పీడీఎఫ్‌ను ఏ బటనూ చదివించలేదు. తన పనిముట్టు ఏ సైటునైనా ప్రమాణాలకు సరిపోయేట్టు చేస్తుందని చెప్పుకున్న అలాంటి ఒక కంపెనీ నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు రాబట్టింది. మన పురపాలికలు ఆ సరుకుకు డబ్బు పెట్టేముందు ఆ సంగతి తెలుసుకోవాలి.

ఇది దయాధర్మాల విషయం అనుకునేవారికి చట్టం గుర్తుచేయాలి. వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 2023లో దాని నిబంధనల్లోకి డిజిటల్ అందుబాటుకు ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం వచ్చింది. ప్రభుత్వ సైట్లకు జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి. నిబంధనలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి ప్రమాణాలు చేయండని 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న మరో కేసు తీర్పులో డిజిటల్ అందుబాటును జీవించే హక్కులో, అంటే 21వ అధికరణంలో భాగమంది. చట్టం ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10 వేల వరకు, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా.

డబ్బులేదన్న మాట వస్తుంది. పాత పీడీఎఫ్‌లన్నీ ఒక్కసారి మార్చమని నేననను, అది ఏళ్ల పని, పూర్తి కాదు. ఫలానా తేదీ నుంచి కొత్తగా అను ఫాంటు ఫైలు, ఒంటరి స్కాను ఎక్కకూడదు. పాతవాటిలో అడిగినదాన్ని అడిగిన వారంలో అక్షరాలుగా ఇవ్వాలి. పన్ను, జనన మరణ ధ్రువపత్రాలు, ఫిర్యాదు, నీళ్ల వేళలు, వరద హెచ్చరికలు, ఈ పేజీలు ముందు. కొత్త సైటు టెండరులో ఐఎస్ 17802 పేరు రాసి, చివరి బిల్లులో పదో వంతు ఆపి, స్క్రీన్ రీడర్ రోజూ వాడే ఇద్దరు ముగ్గురు ఊరివాళ్లు పన్ను కట్టి చూపించాకే విడుదల చేయాలి. వాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వాలి, శాలువా కాదు. లైట్‌హౌస్, వేవ్ లాంటి ఆటోమేటిక్ పరీక్షలు ఆల్ట్ లేదని పట్టుకుంటాయి కానీ, వరద మ్యాపుకు "మ్యాపు" అని రాస్తే పాస్ చేసేస్తాయి.

ఇక అడగాల్సింది మనం. సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్‌కు, అంటే ప్రజా ఫిర్యాదుల వేదికకు, ఇచ్చే అర్జీలో "సైటు బాగాలేదు" అని రాస్తే అది అటూ ఇటూ తిరిగి ముగిసిపోతుంది. పేజీ పేరు, తేదీ, వాడిన ఫోను, స్క్రీన్ రీడర్ ఆండ్రాయిడ్ ఫోనులోని టాక్‌బ్యాకో ఎన్‌వీడీఏనో, ఏ మీట నొక్కితే ఏం వినిపించింది, ఏం కావాలి అని రాయండి. "ఫలానా నోటీసు స్కాను, అక్షరాల ప్రతి కావాలి" అన్నంత సూటిగా. టాక్‌బ్యాక్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు వాల్యూమ్ మీటలూ మూడు సెకన్లు కలిపి నొక్కితే మొదలవుతుంది, అలాగే ఆగుతుంది. చూపున్నవారు కూడా ఒకసారి దాన్ని పెట్టుకుని, కళ్లు మూసుకుని, తమ వార్డు నోటీసు విని, విన్నది విన్నట్టు ఆ అర్జీలో రాయొచ్చు.